పేడపురుగు ఏ సబ్జెక్టు?

ఆ బళ్లో ఆవిడను అందరూ చార్టు మేడం అనేవారు. సాంఘిక శాస్త్రం చెప్పేది. నదైనా, యుద్ధమైనా, ఓట్ల లెక్కింపైనా ఆవిడ చేతిలో పడితే అట్ట మీదికెక్కి, రంగురంగుల బాణాలు తగిలించుకుని గోడకు వేలాడాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కూడా నీళ్ల సీసాలు ఎవరు ఎప్పుడు నింపాలో చార్టు ఉండేది. మొగుడు కళ్లద్దాల దుకాణం నడుపుకునే నెమ్మదస్తుడు. నోరెత్తకుండా నింపేవాడు.

కొండల గురించి ఆవిడ ఏళ్ల తరబడి పాఠం చెబుతోంది. ఊరి చివరి కొండను మాత్రం బస్సు కిటికీలోంచే చూసింది. పాఠం చెప్పడానికి అంతకంటే దగ్గరికి వెళ్లాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ కలగలేదు.

ఒకసారి ప్రిన్సిపాల్ గారు శిక్షణ తరగతులకని వెళ్లి, ఏసీ హాల్లో కూర్చుని ప్రకృతి గురించి విని వచ్చారు. వస్తూనే స్టాఫ్ రూములో బల్ల గుద్దారు.

"పిల్లల్ని కొండ ఎక్కించాలి. ఒక్క నడకలో అన్ని సబ్జెక్టులూ అయిపోవాలి!"

"ఏ పీరియడ్‌లో సార్?" అన్నారు లెక్కల మాస్టారు.

"ప్రకృతికి పీరియడ్లేమిటండీ?" అని కసిరి, కాస్త ఆలోచించి, "భోజనాల బెల్లు లోపు ముగించండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

బాధ్యత చార్టు మేడం మీద పడింది. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ సాయంత్రమే అట్ట తీసి కొండను ముక్కలు చేసింది. కింది భాగం లెక్కలకు, వాగు పద్యాలకు, శిఖరం తనకు. మలుపులో ఉన్న పెద్ద చెట్టు దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

"చెట్టు నాకు కావాలి. నీడను బట్టి ఎత్తు కట్టిస్తాను" అన్నారు లెక్కల మాస్టారు.

"ఎత్తు కట్టిన చెట్టు మీద కవిత్వమేం పుడుతుంది, నా మొహం!" అన్నారు పద్యాల మాస్టారు.

చివరికి మొదలు లెక్కలకు, కొమ్మలు పద్యాలకు ఇచ్చి మేడం రాజీ కుదిర్చింది.

బయలుదేరిన రోజున ఆరో తరగతి పిల్లలందరి మెడల్లోనూ కాగితాలు బిగించిన అట్టలు. మేడం మెడలో విజిల్. చెట్టు దగ్గరికి చేరేసరికి ఎండ కాస్తా మబ్బు చాటుకు పోయింది. లెక్కల మాస్టారు ఆకాశం వైపు, హోంవర్కు తేని పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

"నీడ ఉందనుకోండి" అని ఒక అంకె చెప్పారు. పిల్లలు లేని నీడను కొలిచి చెట్టు ఎత్తు తేల్చారు. పైన పిట్టేదో కూస్తుంటే ఒకడు తలెత్తాడు. "తల దించి రాయరా" అని కేక పడింది.

వాగులో నీళ్లు లేవు. "గలగలా పారుతోందని ఊహించుకోండి" అన్నారు పద్యాల మాస్టారు.

"ఊహించుకోవడానికైతే ఇంత దూరం ఎందుకు సార్?" అంది రెండు జడల పిల్ల.

"ప్రశ్నలు చివర్లో."

ఆ జడల పిల్లే వాగు దాటాక బాట మధ్యలో గొంతుక్కూర్చుంది. వెనకాలే మిగతావాళ్లూ. తనకంటే పెద్ద పేడ ఉండను ఒక పేడపురుగు వెనక కాళ్లతో తోసుకుంటూ పోతోంది. దారికి అడ్డంగా రాయి. సగం దాకా ఎక్కించేది, ఉండ జారేది, దాంతోపాటు తనూ దొర్లేది. లేచి మళ్లీ మొదలు. పిల్లలు అట్టలు పక్కన పడేసి బోర్లా పడుకున్నారు.

తిట్టడానికి వచ్చిన లెక్కల మాస్టారు వంగి చూశారు. "తలకిందులుగా తోస్తోందేమిట్రా ఇది!" అని అక్కడే కూలబడ్డారు. పద్యాల మాస్టారు ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల మీద కూర్చున్నారు. మేడం కూడా తొంగి చూసింది.

"అటుగా పోవే తల్లీ, అటు పల్లంగా ఉంది" అన్న మాట వినిపించింది. అన్నది తనేనని తెలిసి ఉలిక్కిపడింది. వాచీ చూసుకుంది. శిఖరం ఇంకా మిగిలే ఉంది. విజిల్ ఊదింది.

"మేడం, మేడం! ఎక్కేసేలా ఉంది, కాసేపు!"

"అది మన కాగితాల్లో లేదమ్మా. లేవండి."

పిల్లలు మూతులు ముడుచుకుని లేచారు. మాస్టార్లిద్దరూ అందరికంటే ఆఖర్న లేచారు. శిఖరం మీది నుంచి చూస్తే ఊరంతా కింద పరుచుకుని ఉంది. దానికి అడ్డంగా మేడం ఊరి పటం విప్పి పట్టుకుంది.

ఇంటికొచ్చాక మొగుడితో పురుగు సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదు.

"మరి ఎక్కిందా?" అన్నాడాయన.

"ఏమో. విజిల్ ఊదేశాను."

"ఊదకపోతే ఏమయ్యేది?"

ఆవిడ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

తర్వాతి వారం తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి లేచింది. "మావాణ్ణి కొండకు పంపితే పేడ నేర్చుకొచ్చాడండీ. పొద్దస్తమానం అదే గోల!"

ప్రిన్సిపాల్ గారు ఇటు తిరిగారు. "మేడం, ఆ పేడపురుగు ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?"

ఏ సబ్జెక్టూ కాదు, ఊరికే చూశాం, బాగుంది అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. హాలంతా తనవైపే చూస్తోంది. మాట వెనక్కి పోయింది.

"అన్నింటి కిందికీ వస్తుంది సార్. ఉండ గోళం కాబట్టి లెక్కలు. తోయడం బలం కాబట్టి సైన్సు. శ్రమకు గౌరవం, అది సాంఘికం. పడి లేవడంలో పద్యముంది."

చప్పట్లు మోగాయి. పేడ గోల అన్న తల్లే అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ చప్పట్లతో మేడం దశ తిరిగింది. అన్ని సబ్జెక్టుల నడకలకూ ఆవిడే అధిపతి అయింది. కిటికీ లేని గది, తిరిగే కుర్చీ ఇచ్చారు. పురుగును కూడా సబ్జెక్టులకు పంచేసిందని మాస్టార్లిద్దరూ కొన్నాళ్లు ముఖం చాటేశారు. మరుసటి ఏడాది ముళ్లూ పాములూ అంటూ ప్రిన్సిపాల్ గారు జంకితే, ఆవిడే ఉపాయం చెప్పింది. హాల్లో బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి పచ్చ గుడ్డ కప్పించింది. గాలికి ఫ్యాన్లు, పిట్టలకు స్పీకరు. ఎండ కోసం పెట్టిన దీపం ఏ మబ్బు చాటుకూ పోలేదు. సబ్జెక్టులన్నీ బెల్లు కంటే ముందే అయిపోయాయి. మేడం చెప్పులకు దుమ్ము కూడా అంటలేదు. ఇంత హాయిగా కొండ ఎక్కడం ఇదే మొదటిసారని ఆవిడ నిజంగానే అనుకుంది.

"అయిపోయిందా మేడం?" అన్నాడు కొత్త ఆరో తరగతి పిల్లాడొకడు. "ఇక బయటికెళ్లి ఆడుకోమంటారా?"

"బయట ఎండ, నాయనా" అంది ఆవిడ, వాడి అట్ట మీద సంతకం పెడుతూ. "లోపలే కూర్చుని ప్రకృతి గురించి పది వాక్యాలు రాయి."