నా పేరు సాలు

ఐదో తరగతి పరీక్ష రాసిన వేసవి చివర్లో నాకొక ఉత్తరం వచ్చింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు పదకొండేళ్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు వస్తుంది. టపా మనిషి వారానికి ఒక్కసారి వచ్చేవాడు. వచ్చినా మా వీధి దాకా రావలసిన పని అతనికి ఎన్నడూ పడలేదు. ఆ రోజు మాత్రం మా వాకిట్లో సంచి దించి, కవరు మీది అక్షరాలు కూడబలుక్కుని, "చాలు అంటే ఎవరప్పా ఈడ?" అని అరిచాడు.

సజ్జలు చెరుగుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "ఏం చాలు? ఎవరికి చాలు?" అంది.

ఆ కవరు అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, బడి దగ్గరికి ఒకటే పరుగు. మా ఊళ్లో ఐదు తరగతులకూ కలిపి ఒకే అయ్యవారు. ఆయనే రెండు నెలల క్రితం నన్ను ఎద్దులబండిలో ఎమ్మిగనూరు తీసుకుపోయి హైస్కూలు ప్రవేశపరీక్ష రాయించాడు. ఆయన కవరు చించి, ఒకసారి చదువుకుని, పై పంచె సర్దుకుని బయటికి వచ్చి వీధంతా వినిపించేలా చెప్పాడు.

"ఆదోని హైస్కూల్లో ఆరో తరగతికి సీటు వచ్చింది! హాస్టలు కూడా ఇచ్చినారు. తిండి, బట్టలు, పుస్తకాలు, అన్నీ వాళ్లే!"

నేను ఎగిరి గంతేశాను. నా వెనకే పరుగెత్తుకొచ్చిన మా అక్కలిద్దరూ నన్ను ఎత్తి తిప్పారు. అంతలో అయ్యవారి ముఖం మారింది. ఉత్తరాన్ని ఎండకు పట్టి మళ్లీ చదివాడు.

"నేను సకారం రాసి పంపినా. వీళ్లు చకారం చేసినారు. అది కూడా పోనీలే. సీటు బాలుర హాస్టల్లో ఇచ్చినారే!"

నన్ను మగపిల్లవాడు అనుకున్నారన్న మాట. నాకు నవ్వొచ్చింది. అయ్యవారు మాత్రం నవ్వలేదు. "మీ నాయనను తీసుకోని సోమవారం ఆదోనికి పో. నేరుగా పెద్దయ్యవారితోనే మాట్లాడండి," అన్నాడు.

పొద్దు వాలేసరికి మా అరుగు నిండిపోయింది. ఉత్తరం చేతులు మారింది. చదవడం రానివాళ్లు కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంక నా పేరు మీద మొదలైంది చర్చ. పదకొండేళ్లుగా రోజూ పిలుస్తున్న పేరే అయినా అదేమి పేరో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు దాకా ఎవరూ ఆలోచించినట్టు లేదు.

మా పక్కింట్లో పరుపులు కుట్టే తాత ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు. ఆయన గడ్డం నిమురుకుని తేల్చేశాడు. "అది శాలు. భుజాన కప్పుకునే శాలు. ఖరీదైన పేరు. మీకు నోరు తిరగక సాలు చేసినారు."

మా అమ్మ తల్లి, మా అవ్వ, సరిహద్దుకు అవతల కన్నడం మాట్లాడే ఊరిలో పుట్టిన మనిషి. ఆమె ఒప్పుకోలేదు. "మా మాటల్లో సాలు అంటే వరస. ఆడపిల్లలు వరసగా పుట్టినారని పెట్టింటారు."

"ఆడపిల్లకు పెట్టే పేరేనా అది?" అన్నాడు మరొకాయన. "చివర అమ్మ లేదు, అక్క లేదు. ఆఫీసోళ్ల తప్పేముంది?"

అప్పుడు మా చిన్నాన్న పెద్దగా నవ్వాడు. "ఇంతసేపు ఎందుకు తన్నుకుంటారు? మూడోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి మా అమ్మ 'ఇంక సాలు' అనింది. అదే పేరైపోయింది. ఆదోనోళ్లు చకారం సరిగ్గానే రాసినారు!"

అరుగు మీద అందరూ నవ్వారు. నేను మా జేజి వైపు చూశాను. నాయన తల్లి ఆమె. కాదని అంటుందేమోనని చూశాను. ఆమె ఆకు మీద సున్నం రాసుకుంటూ కూర్చుంది. పొద్దున్నుంచి ఒళ్లంతా పొంగిన సంతోషం ఒక్కసారిగా చల్లబడింది. ఇన్నాళ్లూ నన్ను పిలిచిన ప్రతిసారీ, ఇంక వద్దు, ఇంక వద్దు అనే పిలిచారా అనిపించింది. లోపలికి పోయి పడుకున్నాను. అన్నానికి పిలిచినా లేవలేదు.

సోమవారం తెల్లవారగానే నాయనా నేనూ బయలుదేరాం. మా పెద్దక్క పరికిణీని చిన్నది చేసి కట్టారు నాకు. సీటు ఖాయమైతే అక్కడే ఉండిపోవాలని అమ్మ బట్టల మూట కూడా కట్టిచ్చింది. నాయన తక్కువ మాటల మనిషి. రోడ్డు దాకా నల్లరేగడి దారిన ముందు ఆయన, వెనక నేను. సగం దూరం పోయాక నేనే అడిగేశాను.

"నాయనా, జేజి ఇంక సాలు అనింది నిజమేనా?"

ఆయన నడక ఆపాడు.

"నిజమే," అన్నాడు. నా కళ్లు నిండటం చూసి అక్కడే గట్టు మీద కూర్చున్నాడు. "మొత్తం విను. ఆ పొద్దు సజ్జ విత్తుతాంటిమి. నేను విత్తనాల గొర్రు పట్టుకోనుంటి. మీ యమ్మ నా వెనకాల విత్తనం పోస్తాండె. నిండు మనిషి, వద్దంటే వినలా. సగం సాలుకు వచ్చేసరికి కూలబడింది. ఆడనే, ఆ మట్టిలోనే పుట్టినావు నువ్వు. వాన పడి రెండు దినాలైండె. మట్టి సల్లగా ఉండె. మీ జేజి వచ్చి సూసి ఇంక సాలు అనింది. నేను, 'అవునమ్మా, సాలే. సాలులో పుట్టింది, అదే పేరు పెడదాం' అన్యా. ఆ యమ్మ ఒకటి అనుకునింది. నేను ఒకటి అనుకున్యా. పేరు పెట్టింది నేను."

గొర్రు మట్టిలో గీసిన గీత, సాలు. నల్లమట్టిలో తడి సాలు. నేను ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ నడిచాను. ఆపైన నడిచానని చెప్పలేను, పరుగెత్తాను. నాయన వెనక నుంచి "పైలం, పడతావు!" అంటున్నా ఆగలేదు.

బస్సెక్కడం నాకు అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చుని కనిపించిన ప్రతిదీ నాయనకు చూపించాను. ఆయన అన్నిటికీ తల ఊపాడు. దూరాన ఆదోని కొండ, దగ్గరయ్యాక పత్తి మిల్లుల పొగగొట్టాలు, వీధుల్లో దూది పింజలు. ఇన్ని దుకాణాలు ఒకేచోట ఉంటాయని నాకు తెలియదు.

హైస్కూలు ఆఫీసులో గుమాస్తా ఉత్తరం చూసి, మమ్మల్ని చూసి, "అబ్బాయి యాడ?" అన్నాడు.

"ఈ పిల్లే సార్," అన్నాడు నాయన.

"ఉకారంతో ఆగిపోయే పేరు, మగపిల్లోడే అనుకుంటిమి. ఇది బాలుర హాస్టలు ఆర్డరు. ఆడపిల్లకు చెల్లదు."

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెప్పులు విడిచిన గుమ్మం వైపు చూశాడు. లోపలి గదిలోంచి ఈ మాటలు విని పెద్దయ్యవారు మమ్మల్ని పిలిపించారు. కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. తెల్లటి లాల్చీ, ముక్కు చివర కళ్లజోడు.

"ఆ పేరు దిద్దింది నేనే," అన్నారు. "మీ మాస్టారు సాలు అని పంపారు. మీ వైపు చెప్పు అనడానికి సెప్పు అంటారుగా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. అసలు దీని అర్థం ఏమిటమ్మా?"

నేను చెప్పాను. గొర్రు, విత్తనం, తడిమట్టి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆయన లావుపాటి నిఘంటువు తీసి వేలితో వెతికారు.

"ఇదిగో, చాలు. తగినంత అని ఒక అర్థం. నాగలి గీత అని ఇంకొకటి. రెండూ చకారమే. కాబట్టి చాలు అనే ఉండాలి. అయినా ఇది విన్నవాళ్లకి ఆడో మగో తెలియదు. చాలమ్మ అంటే బాగుండదు. పోనీ సాలమ్మ అని రాసేస్తాను, ఏ గొడవా ఉండదు. ఏమంటారు?"

"అట్లే రాయండి సార్, మీరెట్లంటే అట్లే," అన్నాడు నాయన. సీటు పోతుందన్న భయం ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది.

"వద్దు సార్," అన్నాను నేను.

నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గుమాస్తా తలుపు దగ్గరి నుంచి తొంగి చూశాడు. అయినా లోపల ఏదో ఉరకలు వేస్తోంది.

"పుస్తకంలో ఎట్లుందో నాకు తెలీదు సార్. మా నాయన నన్ను సాలు అనే పిలుస్తాడు. మా చేన్లో ఉండేది కూడా సాలే."

"మీ నాన్న దున్నేది చాలు కాదూ?"

"కాదు సార్. సాలు."

గుమాస్తా పకపకా నవ్వాడు. పెద్దయ్యవారు నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఏమయ్యా, నువ్వు చెప్పు. ఏమని రాయమంటావు?" అన్నారు నాయనతో.

నా చెయ్యి మీద ఆయన పట్టు మెల్లగా సడలింది. ఆ ఆఫీసులో ఆ రోజు మొదటిసారి ఆయన తల పైకెత్తాడు.

"సాలే సార్. పేరు పెట్టింది నేను. సాలు అనే రాయండి."

పెద్దయ్యవారు పెద్ద రిజిస్టరు తెరిచి, కలం సిరాలో ముంచి, చాలు అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టారు. కొంచెం ఆలోచించి పక్కన కొత్తగా రాసి, రిజిస్టరు నావైపు తిప్పారు. "అమ్మాయివని ఇక ఎవరికీ అనుమానం రాదు. చదువు."

కుమారి సాలు.

కుమారి అన్న మాట నా పేరు ముందు ఉండవచ్చని నేను కలలో కూడా అనుకోలేదు. పైకే చదివాను. మళ్లీ చదివాను. మూడోసారి చదవబోతుంటే నాయన నా భుజం తట్టాడు.

హాస్టలు సంగతి ఇంకా మిగిలే ఉంది. ఆడపిల్లల హాస్టలు రెండు వీధుల అవతల ఒక అద్దె ఇంట్లో నడుస్తోందట, నిండిపోయిందట. పెద్దయ్యవారు ఒక చీటీ రాసి బంట్రోతును మాతో పంపారు. హాస్టలు చూసే ఆవిడ క్రైస్తవురాలు, లావుపాటి మనిషి. మెడలో సిలువ, నడుముకు తాళాలగుత్తి. చీటీ చదివి నన్ను కింది నుంచి పైకి చూసింది.

"ఇరవై మందికి ఇచ్చిన ఇల్లు ఇది. ఇప్పటికే ఇరవై ముగ్గురు ఉండారు," అంది. నాయన ముఖం పాలిపోయింది. ఆవిడ వెంటనే, "భయపడొద్దప్పా. ఇంకొక సాప పరిస్తే సరిపోతాది. సన్నపిల్లే కదా," అని లోపలికి చెయ్యి చూపించింది.

నాయన బస్సు వేళ దాకా అరుగు మీద కూర్చున్నాడు. పోయేటప్పుడు, "బాగా సదువుకో," అన్నాడు, అంతే. వీధి మలుపు దాకా నేను చూస్తూనే ఉన్నాను. ఏడవడానికి సందు దొరకలేదు. అప్పటికే నలుగురైదుగురు ఆడపిల్లలు నన్ను చుట్టుముట్టారు.

"ఏం పేరు నీది?"

"సాలు."

"అదేం పేరు? మగోడి పేరు మాదిరి ఉంది!" అంది కోసిగి నుంచి వచ్చిన ఒక పిల్ల, నాకంటే రెండేళ్లు పెద్దది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. గొర్రు పట్టుకున్న నాయన దాకా వచ్చానో లేదో, ఎక్కడో పెద్ద కూత వినిపించింది. "రైలు! బొంబాయి రైలు!" అంటూ ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని మిద్దె మెట్ల వైపు లాగింది. నేను అంతవరకు రైలు చూడలేదు. అందరం ఒకరినొకరు తోసుకుంటూ పైకి పరుగెత్తాం. స్టేషను వైపు నల్లటి పొగ గుప్పుగుప్పున లేస్తోంది. పెట్టె వెనక పెట్టె, లెక్క తప్పిపోయేంత పొడుగు. పిట్టగోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి నేనూ వాళ్లతోపాటు గొంతు చించుకుని అరిచాను.