తలా నాలుగు మాటలు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఎవరి మీదా పెద్దగా నమ్మకం లేకపోయినా, నా జ్ఞాపకశక్తి మీద మాత్రం అపారమైన నమ్మకం ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్త. జీతం తక్కువ, అనుమానాలు ఎక్కువ. ఆబిడ్స్‌లో ఒక చీరల షోరూమ్‌లో పనిచేసే ముగ్గురం ఆడపిల్లలం నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. మాలో పెద్దదాన్ని వదిన అనేవాళ్లం (ఎవరికి వదినో ఎవరికీ తెలియదు). రెండోది ప్రతి విషయమూ విడమరచి చెప్పేది కనుక ఆమెకు లెక్చరర్ అని పేరు పెట్టాం. ఎప్పటికైనా కోఠిలో చిన్న బొటిక్ పెట్టుకోవాలని మా ఆశ. అందుకని దాచుకున్నదంతా లెక్చరర్ మాట విని క్రిప్టో నాణేల్లో పెట్టాం.

మొదట మా నాణేలు, వాటిని మేం కొన్న కంపెనీ యాప్‌లోనే ఉండేవి. అలాంటి కంపెనీ ఒకటి ఎక్కడో తలుపులు మూసేసిందని విన్నాక లెక్చరర్‌కు నిద్ర పట్టలేదు. "మన దగ్గరుంటేనే మనవి" అంటూ వాటిని తన ఫోన్‌లో సొంత వాలెట్‌లోకి మార్చింది. ఆ వాలెట్‌కు పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇచ్చారు. ఫోన్ పోయినా వాటిని వరసగా చెబితే నాణేలు తిరిగొస్తాయి; ఇంకెవరికైనా తెలిస్తే మాత్రం వాళ్ల పాలే. రాసి పెడదామంటే మా గది రెండో తాళంచెవి ఓనరు దగ్గరుంది. ఒక్కరే గుర్తుపెట్టుకుంటే (పైకి ఎవరూ అనలేదు గానీ) ఆ ఒక్కరిని మిగతా ఇద్దరూ ఎలా నమ్మడం? చివరికి తలా నాలుగు మాటలు కంఠస్థం చేసి, ఒకరివి ఒకరికి చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. మా వాటా చూపిస్తున్నప్పుడు లెక్చరర్ మిగతావి అరచేత్తో మూసి, తాను పైకప్పు చూస్తూ కూర్చుంది.

వానాకాలంలో ఆ ఫోన్ నీళ్ల బకెట్లో పడి మళ్లీ లేవలేదు. కొత్తది కొనేలోపే వదినకు కడుపులో నొప్పి మొదలైంది. ఆమె తమ్ముడు దవాఖానలో చేర్చాడు. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. మేమిద్దరం షోరూమ్ నుంచి పరుగున బయలుదేరాం. దారిలో లెక్చరర్, "మత్తు ఇస్తే కొంతమందికి జ్ఞాపకాలు పోతాయట" అంది. నేనూ అదే ఆలోచిస్తున్నాను.

ఆపరేషన్‌కు తీసుకెళ్లబోతుండగా వదిన నా చెయ్యి పట్టుకుని, "జర దగ్గరికి రా, నీకొక మాట చెప్పాలె" అంది. లెక్చరర్ కూడా గబుక్కున వంగింది.

"మా అమ్మకు ఫోన్ చెయ్యి. ఆపరేషనని చెప్పకు, గాబరైతది. అయినంక నేనే మాట్లాడ్తనని చెప్పు."

ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఈ మనిషి తిరిగి రాకపోవచ్చునన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. లెక్చరర్ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ నాలుగు మాటలు మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు వదులుతుండగా వదిన వార్డంతా వినేలా, "హార్స్, టొమాటో, అంకుల్, బ్యాంబూ" అని చదవడం మొదలుపెట్టింది. లెక్చరర్ గట్టిగా దగ్గి కప్పిపుచ్చబోయింది. నర్సు విసుగ్గా, "పేషెంటు టమాటాలు అడుగుతున్నది, ఇప్పుడే ఏం పెట్టకుండ్రి. గా అంకులెవరో ఉంటే పిలువుండ్రి" అంది.

వదిన ఇంటికొచ్చిన రోజు సాయంత్రం కొత్త ఫోన్ ముందు ముగ్గురం కూర్చున్నాం. వదిన తన నాలుగూ చెప్పింది. నేను నావి చెప్పాను. లెక్చరర్ ఒకటి చెప్పి ఆగిపోయింది. ఫోన్ పాడైనప్పటి నుంచి మా ఇద్దరి మాటల గురించి దిగులుపడుతూ తనవి మననం చేసుకోవడం మానేసిందట. ఎన్ని రోజులు తలపట్టుకున్నా మిగతా మూడూ రాలేదు. నాణేలు ఎక్కడున్నాయో ఇంటర్నెట్‌లో కనిపిస్తున్నాయి గానీ ముట్టుకునే దారి లేదు. బొటిక్ మాట మళ్లీ ఎత్తలేదు.

లెక్చరర్ ఏడుస్తుంటే వదిన కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఊకో. పోతే పోయినయ్. గానీ ఒకటి అడుగుతా. గా దినం దవాఖానకు మీరు గా మాటల కోసమే వచ్చిన్రా?"

లెక్చరర్ తల దించుకుంది.

"ఔ అన్నా నాకేం కోపం రాదు. వచ్చిన్రు గద."

"ఛ, నీ కోసమే వచ్చాం వదినా" అన్నాను నేను, ఆమె మాట పూర్తికాకముందే. అంత తొందరగా ఎందుకన్నానో తలచుకుంటే, అప్పటి నన్ను చూసి ఇప్పటికీ నవ్వొస్తుంది.