మీటింగు నీళ్లన్నీ పొరలకే

గుత్తి దగ్గర ఇనుప తీగలు చేసే ఫ్యాక్టరీలో నేను ఇంజనీరును. తీగకు పట్టిన తుప్పు వదలాలంటే దాన్ని యాసిడ్‌లో ముంచాలి. కొన్నాళ్లకు ఆ యాసిడ్‌లో ఇనుము కరిగి అది పనికిరాకుండా పోతుంది. అందులో మిగిలిన మంచి యాసిడ్‌ను వెనక్కి రాబట్టే యంత్రం నా చేతి కింద ఉండేది. దాన్నిండా కాగితాల్లాంటి పలుచని పొరలు పక్కపక్కనే బిగించి ఉంటాయి. పొరకు ఒకవైపు వాడేసిన యాసిడ్, రెండోవైపు నీళ్లు పారిస్తే, యాసిడ్ పొర దాటి నీళ్లలోకి వస్తుంది. ఇనుము అవతలే ఆగిపోతుంది. చిక్కల్లా ఒకటే: ఆ పొరలు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే చీలిపోతాయి.

ఒక మే నెలలో లీకు సరిచేయడానికి యంత్రం విప్పి, పొరలను కడిగి తొట్లలో పరిచాను. వాటిమీద పోయాల్సిన నీళ్ల ట్యాంకరు దారిలో చెడిపోయిందని అప్పుడు ఫోను వచ్చింది. మా బోరు ఎండిపోయి అప్పటికే నెల. మా ముసలి వాచ్‌మన్ తన సీసాలో మిగిలిన నీళ్లతో తువ్వాలు తడిపి పొరలమీద కప్పి, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికే తువ్వాలు ఎండి పెళపెళలాడింది.

మా యజమాని వాళ్ల అన్నగారు రాజకీయ నాయకుడు. ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ ఆవరణలో ఆయన పార్టీ మీటింగు. షామియానా కింద నీళ్ల క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. యజమాని దగ్గరికి పోయి అవి కావాలని అడిగాను.

“జనం తాగే నీళ్లు మిషనుకు పోస్తావామ్మా?” అన్నాడాయన.

“జనానికి మజ్జిగైనా పోయచ్చు సార్. పొరలకు మజ్జిగ పోయలేం.”

కొత్త పొరలు రావాలంటే మూడు నెలలు పడుతుందని కూడా చెప్పాను. ఆయన తల పట్టుకుని క్యాన్లు ఇచ్చేశాడు.

మజ్జిగ మొదటి రెండు వరసలకే అయిపోయింది. అన్నగారు మైకు ముందుకొచ్చి, ఈ ప్రాంతానికి నీళ్లు తెచ్చి తీరుతానని మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలకు గొంతు పట్టేసింది. గ్లాసు కోసం అటూ ఇటూ చూసి, దగ్గి, కూర్చుండిపోయాడు. ఆయన ప్రసంగానికి జనం అంతగా చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన నేరుగా మా షెడ్డుకే వచ్చాడు. “నా నీళ్లు తాగిందెవరప్పా?” అని బొంగురుగొంతుతో అడిగాడు. వాచ్‌మన్ తొట్టి చూపించాడు. నేను ఆపేలోపే ఆయన అందులో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు.

“పుల్లగా ఉండాదే,” అన్నాడు.

పొరల్లో మిగిలిన యాసిడ్ ఆ నీళ్లలోకి దిగింది. వెంటనే నోరు పుక్కిలించమన్నాను. పుక్కిలించడానికి నీళ్లేవి? వాచ్‌మన్ రోడ్డుమీదికి పరుగెత్తి రెండు గోలీసోడాలు తెచ్చాడు. ఒకదానితో నాయకుడు నురగలు కక్కుతూ పుక్కిలించాడు. రెండోది తాగి, ఖాళీ క్యాను మీద కూర్చుని, యంత్రం సంగతంతా నాచేత చెప్పించుకున్నాడు.

ఆయనకేమీ కాలేదు. మర్నాడు ట్యాంకరు వచ్చింది. ఒక్క పొరా చీలలేదు. మళ్లీ బిగించి నడిపితే, పొద్దు గూకేలోపే యాసిడ్ రావడం మొదలైంది.