మార్గమ్మ బావి

మొన్న కాలి పుండు కడుక్కోవడానికి డాక్టరు రాసిచ్చిన ఊదారంగు పలుకులు నాలుగు బేసిన్‌లో వేయగానే నీళ్లు తీగలు తీగలుగా ఎర్రబడి, ఇనుప తుప్పు లాంటి వాసన సన్నగా ముక్కుకు తగిలేసరికి, ఎనభై దాటిన ఈ వయసులోనూ బేసిన్‌ను అవతలికి నెట్టేశాను. ఆ నీళ్లు ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నేను తాగాను. తాగాను అనడం కూడా తప్పే, తాగించారు.

గరిడేపల్లికి దగ్గర్లో మా ఊరు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం, సముద్రాల అవతలి నుంచి ఒక తెల్లామె సూర్యాపేట దాకా బస్సులో, అక్కణ్నుంచి ఎడ్లబండిలో వచ్చి మా ఇంట్లో దిగింది. రోగాలు రాకుండా ఎలా ఉండాలో పల్లెల్లో చెప్పడానికి జీతం లేకుండా వచ్చిందట. పేరు మార్గరెట్. ఊళ్లో ఆ పేరు ఒక్క పూట కూడా నిలవలేదు, మార్గమ్మ అయిపోయింది. "జీతం లేకుండ గింత దూరం ఎవలొస్తరే? ఇంట్ల ఎల్లగొట్టిన్రేమో" అని మా నాయనమ్మ జాలిపడి ఆమెకు రోజూ ఒక ముద్ద ఎక్కువే పెట్టేది. మా ఇంట్లో మగదిక్కు లేదు. అమ్మ, నాయనమ్మ, నేను. పడమటి అర్ర ఆమెకిచ్చారు. కలరాను మావైపు గత్తర అంటారు. అంతకు ముందు ఏడు ఆ గత్తరతో ఒక్క పగటిలో మా అన్న పోయినప్పటి నుంచి ఆ అర్రలో ఎవరూ పడుకోలేదు.

మార్గమ్మ మాతోపాటు పొద్దున్నే చల్ల పోసిన జొన్న గట్క తినేది, మామిడికాయ తొక్కు నాలుకకు తగలగానే కళ్లనీళ్లు పెట్టుకునేది, ముంజకాయను బొటనవేలితో పొడవబోయి గౌను నిండా పోసుకునేది, మధ్యాహ్నం వాకిట్లో వేపనీడన నాతో గచ్చకాయలాడి ప్రతిసారీ ఓడిపోయేది. ఆమెకు తెలుగు నేర్పే పని నాది, అదీ జీతం లేనిదే. ఆమె అవస్థలు చూసి అమ్మ నవ్వేది. అన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

రోహిణి కార్తె ఎండల్లో గత్తర మళ్లీ వచ్చింది. ఇంటింటికీ వేపమండలు కట్టారు, ముత్యాలమ్మకు బోనాలు చేశారు. అయినా వాడ చివర ఇద్దరు పోయారు. ఓ సాయంత్రం మార్గమ్మ అమ్మను తోడు తీసుకెళ్లి మా వాడ బావిలో మందు కలిపింది. ఎవరికీ ముందు చెప్పలేదు. మంచి పనికి చాటింపెందుకు అనుకుందో ఏమో. తెల్లారి కడవలతో వచ్చిన ఆడవాళ్లు దానిమ్మగింజ రంగు నీళ్లు చూసి లబోదిబోమన్నారు. బావిలో నెత్తురు ఊరిందన్నారు. వాగులో చెలిమ తవ్వి నీళ్లు తెచ్చుకుంటామని బయల్దేరారు. పోయినవాళ్ల బట్టలు ఉతికింది ఆ వాగులోనే.

మార్గమ్మ దోసిట్లో బావినీళ్లు తాగి చూపించింది. "తెల్లామెకేమైతది?" అన్నారు. అమ్మ తాగింది. "దొరసానిని ఇంట్ల పెట్టుకున్నది, తాగకేం జేస్తది?" అన్నారు. వాడలో అందరికంటే పెద్దది, వెంకమ్మ అనే ముసలామె, కడవ కింద పెట్టింది.

"మనం పెద్దోళ్లం, పోతే పోతం. గీ నీళ్లు పిల్లలకు తాపాలె గద. నీ బిడ్డకు తాపు, సూద్దాం."

అందరూ నావైపు చూశారు. అమ్మ చెంబు నింపింది. నేను పళ్లు బిగించాను. "తాగు బిడ్డా" అని ఒక్క మాట అని నా దవడ పట్టుకుంది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు. "ఉన్నదొక్కతే గదనే!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. మార్గమ్మ కూడా "వద్దు, వద్దు" అంటూ చెంబుకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆ మాట నేను నేర్పిందే. అమ్మ ఆమె చేతిని తోసేసింది. చేదూ వగరూ కలిసిన ఆ నీళ్లు ముక్కులోంచి కూడా కారాయి.

పొద్దు వాలేదాకా నన్ను బావిగట్టు మీద కూర్చోబెట్టి, చస్తానా బతుకుతానా అని వాడంతా కాపలా కాసింది. నాకు వెక్కిళ్లొస్తే కడవలు మళ్లీ వాగువైపు కదిలాయి. చివరికి ఆకలని ఏడ్చాను. అప్పుడు వెంకమ్మ లేచి బావిలోకి బొక్కెన వదిలింది.

ఆ తర్వాత మా వాడలో ఎవరూ పోలేదు. వానలు పడ్డాక మార్గమ్మ వెళ్లిపోయింది, బావికి ఆమె పేరు మిగిలింది. పాపం మంచిది, ఆమెనేమీ అనను. కానీ ఆ రోజు నుంచి అమ్మ చేతికేమిచ్చినా ఒక్క క్షణం ఆగి తీసుకోవడం నాకు అలవాటైంది. అమ్మకు అది తెలుసు.

చాలా ఏళ్లకు, మిర్యాలగూడ దవాఖానలో, అమ్మ ఆఖరి రోజుల్లో, చెంచాతో నీళ్లు పోస్తూ అడిగేశాను.

"అమ్మా, ఆ దినం నాకెందుకు తాపినవే?"

అమ్మ ఆలోచించను కూడా లేదు. "మరెవల బిడ్డకు తాపాలెనే?" అంది.

చెంచాలో మిగిలిన నీళ్లు ఆమె నోట్లో పోశాను. కోపం మాత్రం పోలేదు. కోదాడ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బావిని పూడ్చేశారు. గట్క వండేవాళ్లు లేరు, గచ్చకాయలంటే మనవరాళ్లకు తెలియదు, గత్తర అన్న మాటకూ అర్థం చెప్పాల్సి వస్తోంది. ఆ రోజు బావి చుట్టూ ఉన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అలసిపోయాను, కోపం మోయడానికీ ఓపిక కావాలి. నేనూ పోతే, ఇక అమ్మ మీద కోపగించుకునేవాళ్లు కూడా ఉండరు.