గెనిమ లేని చిప్పు

మా తాత లోకనాథానికి గుడియాత్తం బస్టాండు వెనక పావురాల గూడంత షాపు ఉంది. చెడిపోయిన టీవీ పెట్టెలు, వైఫై పెట్టెలు అక్కడికి శవాల్లా వస్తాయి, సగం ప్రాణంతో తిరిగి వెళ్తాయి. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. నేను తొమ్మిది దాకా చదివాను కాబట్టి ఇంట్లో పండితురాలిని నేనేనని రోజూ గుర్తు చేస్తుంటాను.

చిప్పు గురించి ఆయన చెప్పే పాఠం ఒక్కటే.

"చిప్పు కూడా కయ్యే నాయనా. భాగాలు పంచి పెట్టుంటారు. మొదటి భాగం బూట్‌లోడర్‌ది. కరెంటు తగలంగానే అదే ముందు నిద్ర లేసి, మిగతావోళ్ళు యాడుండారో చూసి లేపుతాది. భాగానికీ భాగానికీ నడిమి రవంత ఖాళీ జాగా, మన గెనిమ మాదిరి."

కయ్య అంటే మడి, గెనిమ అంటే పొలం గట్టు. కనియంబాడిలో ఆయనా, తమ్ముడు గోవిందస్వామీ భూమి పంచుకున్నప్పుడు నడుమ మూరెడు గెనిమ వదిలారు. అది ఎవరి వంతులోనూ లేదు. కాబట్టి ఇద్దరూ ముప్పై ఏళ్ళు దాని మీదే కూర్చుని బీడీలు కాల్చారు. ఆ బీడీలు మా తాతను వదిలేసి చిన్నతాత గొంతును తిన్నాయి.

పోయిన ఏడాది వేలూరులో ఆపరేషన్ చేసి చిన్నతాత స్వరపేటిక తీసేశారు. అంతకు వారం ముందు ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు ఆయన చేత ఇరవై నాలుగు మాటలు చెప్పించి, బటన్లున్న చిన్న పెట్టెలో ఎక్కించి ఇచ్చారు. నీళ్ళు, నొప్పి, చాలు, పాపాతీ. పాపాతి ఆయన భార్య. ఆరో బటన్ నొక్కితే "అన్నా" అంటుంది. చిన్నతాత కావాలనే షాపులోకి వచ్చి ఆరో బటన్ పదిసార్లు నొక్కేవాడు.

"చెవులుండాయి రా నాకు!" అని మా తాత అరిచేవాడు.

ఈ ఆని నెలలో ఒక పొద్దున పాపాతి అవ్వ ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది.

"బావా, రెండు దినాలుగా పెట్టె పలకలే. ఈయన కూడు తినలే."

తాత పెట్టె విప్పాడు. బూట్‌లోడర్ పాడైంది, మిగతాదంతా బాగానే ఉందన్నాడు.

"తాతా, ముందు చిప్పు మొత్తం కాపీ తీయి" అన్నాను. ఎవరి చిప్పుకైనా ఆయన ముందు చేసే పని అదే.

"గంట పడతాదే. వాడెట్ల చూస్తా ఉండాడో చూడు."

ఊరందరికీ తీసే కాపీ తమ్ముడికి తీయలేదు. ఆ బోర్డుకు సరిపడే బూట్‌లోడర్ ఆయన దగ్గర ఉంది, పాతదాని కంటే కాస్త పొడుగు.

"పొడుగైతే ఏమి? గెనిమ మీదికి పోతాది, అంతే గదా" అని ఎక్కించాడు.

పెట్టె ఇచ్చిన ఆ పిల్లలు చిప్పులో గెనిమ వదల్లేదు. వాళ్ళకు పొలాలు ఉండి ఉండవు. బూట్‌లోడర్‌ను ఆనుకునే గొంతు మొదలైంది. చిప్పులో ఒక్క అక్షరం రాయాలన్నా అది పడే మడి మొత్తం చెరిపి రాయాలి. గొంతులో మొదటి మడి అలా చెరిగిపోయింది. ఇరవై నాలుగు మాటలూ ఒకే మూటగా కట్టి ఉన్నాయి, మూట ముడి ఉన్నది ఆ మడిలోనే, అది పోతే ఏ మాటా దొరకదు.

పెట్టె దీపం వెలిగింది. పాపాతి అవ్వ చప్పట్లు కొట్టింది. చిన్నతాత నవ్వుతూ ఆరో బటన్ నొక్కాడు. సర్రుమని శబ్దం వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఒక్కొక్కటిగా అన్నీ నొక్కాడు.

తాత కంప్యూటర్‌లో చాలాసేపు చూశాడు. తర్వాత స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"గోవిందూ, నీ గొంతును నేనే చెరిపేసినాను రా."

చిన్నతాత నోరు తెరిచి ఏదో అన్నాడు. మెడలోని రంధ్రం నుంచి గాలి మాత్రమే వచ్చింది. ఏమన్నాడో మాకెవరికీ తెలియదు.

తాత పదకొండు రోజులు ఆ చిప్పుతో కుస్తీ పట్టాడు. చదువు ముగించి వెళ్ళిపోయిన పిల్లల్లో ఒకడు ఫోనులో దొరికాడు గానీ, వాళ్ళూ కాపీ పెట్టుకోలేదు. బంధువుల ఫోన్లన్నీ వెతికాను. ఒక పెళ్ళి వీడియోలో చిన్నతాత దగ్గు దొరికింది.

పన్నెండో రోజు తాత ఆ మాటలను తన గొంతుతోనే ఒక్కొక్కటిగా చెప్పి పెట్టెలో ఎక్కించసాగాడు. అన్నదమ్ముల గొంతులు దగ్గరగానే ఉంటాయి. మరదలి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆరో బటన్ దగ్గర ఆగిపోయాడు.

"అన్నా అని నేనెవుర్ని పిలిచేది?"

"నేను చెప్పేదా తాతా?"

"వద్దులే."

అది అట్లాగే ఖాళీగా ఉంది.

చిన్నతాత ఇప్పటికీ షాపుకు వస్తాడు. నీళ్ళు కావాలంటే లోటా మీద వేలితో కొడతాడు. అన్న గొంతున్న బటన్లు ఒక్కటీ తాకడు. ఆరోదే నొక్కుతాడు, పదిసార్లు. సర్రుమంటుంది.

"చెవులుండాయి రా నాకు" అంటాడు మా తాత, బోర్డు మీంచి తల ఎత్తకుండా.