సానరాయికి పసుపునీళ్లు

పలమనేరులో గడ్డి కోసే మిషన్ల కత్తులకు పదును పెట్టాలంటే జనం మునిరత్నం ఇంటికే వస్తారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, బల్లకు బిగించిన గ్రైండింగ్ మిషన్ మీద ఒంటికన్నుతో పని చేస్తాడు. రెండో కన్ను ఒక ఆయుధపూజ మర్నాడు పోయింది.

ఆ పూజకు భార్య పంకజాక్షి మిషన్‌ను కడిగి, సానరాయి మీద రెండు చెంబుల పసుపునీళ్లు పోసి బొట్లు పెట్టింది. రాయి నీళ్లు పీల్చుకుంటుందని ఆమెకేం తెలుసు? రాత్రంతా నీళ్లు కిందికి దిగి రాయి ఒక పక్క బరువెక్కింది. పొద్దున మునిరత్నం స్విచ్ వేయగానే, గిర్రున తిరిగే రాయి ఆ ఒంటిపక్క బరువుకు అదిరి పగిలి, ముక్క కంట్లోకి ఎగిరింది. పనిలో పెట్టుకోవాల్సిన కళ్లద్దాలు మేకుకే వేలాడుతున్నాయి.

ఎందుకు పగిలిందో ఆసుపత్రి మంచం మీదే ఆయనకు అర్థమైంది. అడిగినవాళ్లకు మాత్రం, "నట్టు ఎక్కువ బిగించేసినానప్పా, నాదే తప్పు" అన్నాడు. భార్యకూ అదే చెప్పాడు. అప్పటి నుంచి ఏటా పూజకు ముందే, మిషన్‌కు బిగించిన కొత్త రాయిని విప్పి పెట్టెలో దాచేస్తాడు.

మొన్నటి పూజనాడు పంకజాక్షి ఆ పెట్టె తెరిచింది.

"దీన్ని ఈడ దాసిపెట్టినావా?"

"దానికి పూజ వద్దులే" అన్నాడు.

"వద్దనొద్దు. ఆ ఏడు తొందరలో రెండు సెంబులే పోస్తిని. అమ్మోరికి కోపమొచ్చింది. ఇంకో రెండు పోసుంటే నీ కన్ను నిలిచుండును" అని ఏడ్చింది.

మునిరత్నం రాయిని ఆమె ముందు పెట్టి, నాలుగు చెంబులూ పోసేదాకా పక్కనే నిలబడ్డాడు.