మందు కాని మందు

మొన్న మా పక్కింటి గేటుకు రంగు వేస్తుంటే థిన్నరు వాసన వంటింటిదాకా వచ్చింది. వెళ్లి చూస్తే పెయింటరు చేతులకంటిన రంగును ఆ థిన్నరుతోనే కడుక్కుంటున్నాడు. "మందు వాసనలే అక్కా, రెండు రోజుల్లో పోతాది" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలా మండడం నేర్పింది సుశీలమ్మక్క.

మార్కాపురంలో పలకల మీద గళ్లు అచ్చువేసే షెడ్డులో మేమిద్దరం పక్కపక్కనే పనిచేశాం. అచ్చు చట్రాలను థిన్నరు గుడ్డతో తుడవడం మా పని. అందరం దాన్ని మందు అనేవాళ్లం. తడి రంగు మీద రోడ్డు దుమ్ము పడుతుందని ఓనరు కిటికీలు మూయించేవాడు. అప్పుడు నాకు అయిదో నెల. మధ్యాహ్నానికల్లా కళ్లు తిరిగేవి. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని భయం, పని పోతుందేమోనని ఇంకో భయం. ఒకరోజు "మందు వాసన పడటంల్యా అక్కా" అని గొణిగితే సుశీలమ్మక్క చేతిలో గుడ్డ విసిరికొట్టింది.

"మందంటే రోగం తగ్గాల. దీన్ని పీలిస్తే రోగం వస్తాంది. మందేంది మందు? ఇసం అను. నోరారా అను!"

తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసిన పొద్దున ఓనరు థిన్నరు డబ్బాలు వెనక దాచి, కిటికీలు తీయించి, కట్టలకొద్దీ అగరొత్తులు వెలిగించాడు. ఆఫీసరు గాలి పీల్చి, "గుడిలో ఉన్నట్టుందే!" అన్నాడు. ఏ ఆదివారమూ చర్చి మానని సుశీలమ్మక్క పకపకా నవ్వింది.

"ఇది మీరు వచ్చినారని పెట్టిన వాసన సార్. మా వాసన చూపిస్తా ఉండండి."

కిటికీలు తనే మూసేసి, వెనకనుంచి డబ్బా మోసుకొచ్చి, ఆయన ముందే మూత తీసింది. "ఇంగ ఈ పూట మాతో కూచోండి. ఈ పిల్ల కడుపుతో రోజూ కూచుంటాది" అంది. కాసేపటికే ఆయన దగ్గుతూ వాకిట్లోకి వచ్చేశాడు. కిటికీలు మూయకూడదని, గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టాలని చెప్పి వెళ్లాడు. ఓనరు అన్నింటికీ తలూపాడు. ఆ వారంలోనే సుశీలమ్మక్కను పనిలోంచి తీసేశాడు.

"ఏడవబాక. నేను మిరప కోతకు పోతా. కిటికీ మాత్రం మూయనియ్యొద్దు" అని చెప్పి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఫ్యాన్లు రాలేదు. మరునాడే ఓనరు కిటికీ మూయడానికి వచ్చాడు. నేను పీట లాక్కుని, కిటికీకి ఆనుకుని కూర్చున్నాను.

"లెయ్యమ్మా, పలకలు పాడైపోతాండాయి."

"పలక పాడైతే ఇంకోటి అచ్చేస్తాం. నా బిడ్డ పాడైతే?"

మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నా పక్కకు వచ్చారు. ఓనరు వెనుదిరిగాడు. ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది.

పెయింటరుతో అన్నాను: "మందు కాదు నాయనా, విషం. నోరారా అను." నవ్వేశాడు. అనేదాకా నేను గేటు దగ్గరనుంచి కదలలేదు.